ఆ హ్యాకర్ గది తీసెయ్

నాయనా,

నీ కథ చదివాను. మూడో పేజీలో హ్యాకర్ చీకటి గదిలో కూర్చుని, హీరో మెదడులోని చిప్ నుంచి అతని ప్రేమ ఊసులన్నీ గడగడా చదివేస్తుంటే నాకు ఒళ్లు మండింది. 2024 జనవరిలో న్యూరాలింక్ అనే అమెరికా కంపెనీ తొలిసారి మనిషి మెదడులో అమర్చిన చిప్‌లో 1,024 ఎలక్ట్రోడ్లున్నాయి. చేయి కదపాలనుకున్నప్పుడు పుట్టే సంకేతాలను అవి పట్టుకుంటే, బ్లూటూత్ ద్వారా కంప్యూటర్‌కు చేరి కర్సర్ కదులుతుంది. పడిపోయిన మాటను తెచ్చే ప్రయోగాలూ ఉన్నాయి కానీ, వాటిలో ఎక్కువగా రోగి మాట్లాడాలని ప్రయత్నించాలి, యంత్రానికి ముందు నేర్పాలి. మనసు దోచుకోవడం అంత సులువు కాదు.

పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బున్న అమ్మమ్మ కాఫీ గ్లాసును రెండు చేతులా పట్టుకోవడం బాగుంది. ఆమెను రెండు వాక్యాల్లో చంపేశావెందుకు? కథ ఆమెదే. వణుకు తగ్గడానికి మెదడులోకి సన్నటి తీగలు పంపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడతారు. కరెంటు మోతాదును డాక్టరు బయటినుంచే, వైర్‌లెస్‌లో సరిచేస్తారు. ఆ మోతాదు పరాయివాడి చేతిలో పడితే? వణుకు తిరిగొస్తుంది, మాట ముద్దగా వస్తుంది. జబ్బు ముదిరిందనుకుని ఇంట్లోవాళ్లు మాత్రలు పెంచమంటారు. దొంగ పడ్డాడని ఎవరికీ తట్టదు. నాకు భయం వేసేది ఇక్కడ.

ఇది ఊహే అనుకోకు. గుండె పరికరం విషయంలో ఇదే భయంతో, అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉన్న డిక్ చెనీకి 2007లో డాక్టర్లు వైర్‌లెస్ ఆపేయించారు. 2017లో అక్కడ దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రత కోసం సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది.

పనితీరు తెలియకుండా భయం రాయకూడదు. ఈ మాట మీద నేను ఎడిటర్లతో జీవితమంతా కొట్లాడాను. నా లైన్‌మన్ కథ కోసం తిరుపతి బైరాగిపట్టెడ టీకొట్లో లైన్‌మన్ల వెంటపడి ఒక పేరా రాశాను: ఎల్‌సీ, అంటే లైను మీద పనికి అనుమతి తీసుకోవడం, కరెంటు తెంచే ఏబీ స్విచ్ లాగడం, పైన మనిషుండగా ఎవడూ స్విచ్ వేయకుండా కింద ఒకణ్ణి కాపలా పెట్టడం. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ పేరా కొట్టేసి, లైన్‌మన్‌కు ప్రేయసిని పెట్టమన్నాడు. పెట్టలేదు. కథ ఏళ్లకేళ్లు ట్రంకుపెట్టెలోనే పడుంది. ఇప్పుడు పోటీలవాళ్లకు ప్రేయసి అక్కర్లేదు, చివర్లో ట్విస్టు కావాలట!

నీ కథలో కాలిఫోర్నియా వదిలెయ్. ఒక పూట ఇక్కడి స్విమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చో. చీటీ పట్టుకున్న చేతుల్ని చూడు. తర్వాత మూడో పేజీ తిరగరాయి. కొరియర్ వద్దు, వాడు మా సందులోకి రాడు. ఆదివారం నువ్వే పట్టుకురా.