జేబులో టార్చికి ఏ సెల్లులు వేయాలి? డాలస్ వైపు కొత్తగా దిగినవాళ్ళ కోసం

కొత్తగా వచ్చిన పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్న సందేహం ఇది, అన్నా జేబులో పెట్టుకోడానికి చిన్న టార్చి కొందామనుకుంటున్నా, సెల్లులు వేసేది తీసుకోవాలా చార్జింగ్‌ది తీసుకోవాలా అని. ముందు జవాబు చెప్పేస్తా, ఓపికున్నవాళ్ళు మిగతాది చదువుకోండి. ఒక్క ఏఏ సెల్లు, అంటే మన పెన్సిల్ సెల్లు, పట్టే టార్చి కొనండి, అందులో ఎనెలూప్ లాంటి రీచార్జబుల్ సెల్లు వేసి రోజూ వాడుకోండి, కారులో పడేసే టార్చికి మాత్రం వాడి పారేసే లిథియం ఏఏ సెల్లులు వేయండి. మామూలు ఆల్కలైన్ సెల్లుల్ని మాత్రం టార్చిలో వేసి మర్చిపోకండి, అదొక్కటీ చేయొద్దు.

ఫోన్లో లైటు ఉంటే మళ్ళీ టార్చి ఎందుకు అని కొందరు నవ్వుతారు. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ ఉన్నవాళ్ళెవరూ నవ్వరు. 16వ తేదీ పొద్దున డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19, టెక్సస్ మొత్తం మీద 45 లక్షల పైచిలుకు ఇళ్ళకీ షాపులకీ కరెంటు లేదు, కొంతమందికి రోజుల తరబడి రాలేదు. 2024 జులైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ వాళ్ళదీ అదే కథ, అక్కడ 20 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి, అదీ మండు వేసవిలో. అలాంటప్పుడు ఫోన్ చార్జింగ్ ఇంటికి మాట్లాడ్డానికి, మేనేజర్‌కి మెసేజ్ పెట్టడానికి కావాలి గానీ బాత్రూంలో వెలుతురు కోసం తగలేస్తామా. అదలా ఉంచండి, నవంబర్లో గడియారాలు గంట వెనక్కి మార్చాక సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోద్ది, అపార్ట్‌మెంట్లో మెయిల్ బాక్సుల దాకా వెళ్ళాలన్నా, చెత్త డంప్‌స్టర్‌లో వేసి రావాలన్నా లైటు కావాలి. ఎండాకాలం సాయంత్రాలు ట్రెయిల్ మీద నడిచేవాళ్ళకి కాపర్‌హెడ్ పాములు కూడా ఉన్నాయండోయ్, ఎండుటాకుల రంగులోనే ఉంటాయి, కాలు పెట్టేదాకా కనపడవు.

సరే, సెల్లుల సంగతికొద్దాం. మాది నెల్లూరు, నిప్పో సెల్లులు తయారైన ఊరు, అందుకని ఈ విషయంలో మావాళ్ళకి కాస్త అతి ఎక్కువే. రిమోట్ పనిచేయకపోతే సెల్లు తీసి ఎండలో పెట్టడం, చేతిలో రుద్ది మళ్ళీ వేయడం, అన్నీ చేసినవాళ్ళమే. ఇక్కడికొచ్చాక అందరూ చేసే మొదటి పని కాస్ట్‌కోకి వెళ్ళి కిర్క్‌లాండ్ ఆల్కలైన్ సెల్లుల పెద్ద ప్యాక్ పట్టుకురావడం. సెల్లుకి నలభై సెంట్లు కూడా పడదు, రిమోట్‌కి, గోడ గడియారానికి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. టార్చి దగ్గరికొచ్చేసరికే తేడా కొడుతుంది.

ఎందుకంటే ఆల్కలైన్ సెల్లులో ఎంత సరుకుందనేది మీరు ఎంత స్పీడుగా లాగుతున్నారనే దాన్ని బట్టి మారిపోద్ది. మెల్లగా 25 మిల్లీయాంప్స్ చొప్పున లాగితే మంచి కంపెనీ ఏఏ సెల్లు 3000 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్లు, సెల్లులో సరుకు కొలత) దాకా ఇస్తుంది, అదే సెల్లుని 500 మిల్లీయాంప్స్‌తో లాగితే దాదాపు సగమే వస్తుంది. ఇప్పటి ఎల్ఈడీ టార్చిలు ఫుల్‌లో పెడితే అంతకన్నా ఎక్కువే లాగుతాయి. మీకు కనిపించేదేంటంటే కొత్త సెల్లు వేసిన మొదటి పది నిమిషాలు జిగేల్‌మంటుంది, తర్వాత మెల్లమెల్లగా నీరసపడుతూ పోతుంది, సెల్లులో సగం మిగిలున్నా టార్చికి అందదు. ఆ సెల్లు తీసి గడియారంలో వేసుకోండి, ఇంకో ఏడాది తిరుగుద్ది, పారేయకండి.

దానికన్నా పెద్ద తలనొప్పి కారిపోవడం. డ్రాయర్లో ఏడాది పడేసిన టార్చి వెనక మూత తిప్పడానికి చూస్తే కదలదు, పట్టకారుతో తిప్పితే కరకరమని వస్తుంది, లోపల స్ప్రింగ్ చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి, ఆ పొడి కింద స్ప్రింగ్ పచ్చగా తినేసి ఉంటుంది, సెల్లు ఉబ్బి గొట్టంలో ఇరుక్కుపోయి నేలకేసి కొట్టినా బయటికి రాదు. అది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం, చేతికి తగిలితే మంట. గ్లవుజులు వేసుకుని ఇయర్ బడ్‌ని వెనిగర్లోనో నిమ్మరసంలోనో ముంచి తుడిస్తే బుసబుసమని పొంగి వదులుతుంది, తర్వాత తడి లేకుండా ఆరబెట్టాలి. స్ప్రింగ్ బతికుంటే టార్చి బతికినట్టే. కవర్ మీద పదేళ్ళ గ్యారంటీ అని రాసుంటుంది, నిజమే, కానీ అది కవర్లో ఉన్న సెల్లు సంగతి, టార్చిలో ఉన్న సెల్లు సంగతి వేరు.

ఇక నికెల్ మెటల్ హైడ్రైడ్, ఎన్ఐఎంహెచ్ అని రాసుంటుంది. వీటి మీద మన వాళ్ళకి పాత అపనమ్మకం ఒకటి ఉంది, చార్జ్ చేసి పక్కన పెడితే నెల తిరిగేసరికి ఖాళీ అయిపోతాయని. పాతవాటికి అది నిజమే. 2005లో శాన్యో కంపెనీ జపాన్‌లో ఎనెలూప్ తెచ్చాక పరిస్థితి మారింది, ఇప్పుడా బ్రాండ్ పానసోనిక్‌ది. తెల్ల ఎనెలూప్ 2000 ఎంఏహెచ్, కంపెనీ చెప్పేదాని ప్రకారం పదేళ్ళు పక్కన పెట్టినా 70 శాతం చార్జ్ ఉంటుంది, 2100 సార్లు చార్జ్ చేసుకోవచ్చు. నల్లది, ప్రో అని ఉండేది, 2500 ఎంఏహెచ్, కానీ 500 సార్లే. టార్చికి తెల్లదే చాలు. దీని మీద 1.2 వోల్టులు అని చూసి అమ్మో తక్కువే అనుకోకండి, ఆల్కలైన్ 1.5తో మొదలై లోడ్ పడగానే జారిపోతుంది, ఇది 1.2 దగ్గర గట్టిగా నిలబడుతుంది, ఒక యాంప్ లాగినా దాదాపు పూర్తి సరుకు ఇస్తుంది. అందుకే అదే టార్చి ఎనెలూప్‌తో ఎక్కువసేపు ఒకేలా వెలుగుతుంది.

చార్జర్ మాత్రం చవకది కొనొద్దు. రెండేసి సెల్లులు జతగా పెడితేనే చార్జ్ చేసేవి, టైమర్ మీద నడిచేవి వద్దు, ఒక్కో సెల్లునీ విడివిడిగా చూసుకుని నిండగానే ఆపేసేది తీసుకోండి. ఇండియా నుంచి పాత చార్జర్ తెచ్చుకున్నవాళ్ళు వెనకాల స్టిక్కర్ చూడండి, 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్ అడాప్టర్‌తో సరిపోద్ది, 230 మాత్రమే ఉంటే ఇక్కడి 120కి పనిచేయదు.

డబ్బుల లెక్క అడుగుతారు ఎలాగూ, వచ్చిన కొత్తలో ప్రతి డాలర్నీ రూపాయల్లోకి గుణించే జబ్బు అందరికీ ఉండేదే. ఎనెలూప్ సెల్లు ఒకటి ఐదు డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, షాపుని బట్టి కాస్త అటూ ఇటూ, అంటే పన్నెండు పదమూడు ఆల్కలైన్ సెల్లుల ధర, చార్జర్ ఖర్చు అదనం. రోజూ కుక్కని తిప్పేవాళ్ళు, నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు ఏడాది లోపే గిట్టుబాటు చేసుకుంటారు. టార్చి నెలకోసారి కూడా తీయని మనిషికి డబ్బు పరంగా ఎప్పటికీ గిట్టదు, నిజం చెప్పాలిగా. ఆ మనిషికి కావాల్సింది లిథియం ఏఏ.

ఇక్కడే చాలామంది పొరపడేది, లిథియం అని రాసుంటే అన్నీ చార్జింగ్‌వే అనుకుంటారు. ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం అనేది వాడి పారేసేది, చార్జర్లో పెడితే ప్రమాదం. సెల్లుకి రెండు డాలర్ల పైమాటే, కానీ ఆల్కలైన్ 23 గ్రాములుంటే ఇది 15 గ్రాములు, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుందంటుంది కంపెనీ, ఆల్కలైన్ లాగా కారదు, మైనస్ 40 నుంచి 60 సెల్సియస్ దాకా పనిచేస్తుంది. మిన్నెసోటా, మిషిగన్, షికాగో వైపు ఉన్నవాళ్ళు ఆ మైనస్ 40 అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఆల్కలైన్ మైనస్ 20 దగ్గర చచ్చినట్టే పడుంటుంది. టెక్సస్ వాళ్ళకి ఉపయోగపడేది రెండో వైపు, 60. ఆగస్టులో పార్కింగ్ లాట్‌లో అద్దాలు ఎక్కించి పెట్టిన కారు లోపల డాష్‌బోర్డు మీద చేయి పెట్టలేం, అక్కడ చార్జింగ్ లిథియం అయాన్ టార్చి వదిలేయడం మంచిది కాదు. గ్లోవ్ బాక్సులో, ఎండ తగలని చోట, ఈ సెల్లులు వేసిన టార్చి ఒకటి పడేసి మర్చిపోండి. మర్చిపోవచ్చు, అదే దాని సుఖం. కారు మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్తా, రాత్రిపూట పోలీసు ఆపితే ఆ టార్చి కోసం గ్లోవ్ బాక్సులో వెతక్కండి, లోపలి లైటు వేసి చేతులు స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి.

ఇప్పుడు అసలు రచ్చంతా 18650 దగ్గర. వీడియోల్లో చూసి అందరికీ వెయ్యి లూమెన్ల (లూమెన్ అంటే వెలుతురు కొలత) టార్చి కావాలి. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు ఉన్న లిథియం అయాన్ సెల్లు అది, 3.6 వోల్టులు, నిండితే 4.2. వెలుతురు, టైము రెంటిలోనూ ఏఏ దీని ముందు నిలవదు, ఒప్పుకుంటా. కానీ జీన్స్ జేబులో బరువు, కరెంటు పోయి సెల్లు అయిపోతే వాల్‌గ్రీన్స్‌లోనో గ్యాస్ స్టేషన్లోనో దొరికే సరుకు కాదు. ఏఏ ఎక్కడైనా దొరుకుద్ది. నడకకి వంద లూమెన్లు ధారాళంగా చాలు, వెయ్యి లూమెన్లు పక్కింటి కిటికీలో కొట్టడానికి తప్ప పనికిరావు. అయినా కొంటానంటే పేరున్న కంపెనీ సెల్లు కొనండి, 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే అది పచ్చి అబద్ధం, మంచివి 3500 దగ్గరే ఉంటాయి, మంచి సెల్లు 45 గ్రాముల పైన తూగుతుంది, తేలిగ్గా ఉంటే లోపల ఏముందో దేవుడికి తెలియాలి. గడ్డకట్టే చలిలో గ్యారేజ్‌లో చార్జ్ పెట్టొద్దు, సున్నా సెల్సియస్ కింద చార్జ్ చేస్తే సెల్లు లోపల పాడవుతుంది. మంచం మీద, సోఫా మీద పెట్టి పడుకోవద్దు, అపార్ట్‌మెంట్లు చెక్క ఇళ్ళండీ ఇక్కడ.

14500 అని ఇంకోటి ఉంది, అచ్చం ఏఏ సైజే, కానీ ఇదీ 3.7 వోల్టుల లిథియం అయానే. సోఫిర్న్, స్కిల్‌హంట్ లాంటి కంపెనీల టార్చిల్లో కొన్ని రెండు రకాల సెల్లులూ పట్టేవి ఉన్నాయి, కొనేముందు ఏ మోడల్ ఏ సెల్లు పడుతుందో పెట్టె మీద చదవండి. 14500కి ఒప్పుకున్న టార్చిలో పర్లేదు, ఒప్పుకోనిదాంట్లో వేస్తే ఎల్ఈడీ మాడిపోవచ్చు. పిల్లల బొమ్మల సెల్లులున్న డ్రాయర్లో మాత్రం 14500 కలపొద్దు, విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. తాళాలూ చిల్లరా ఉన్న జేబులో ఏ సెల్లునీ విడిగా వేయకండి.

ఈ మధ్య యూఎస్‌బీ సీ పోర్టు సెల్లు మీదే ఉన్న 1.5 వోల్టుల ఏఏలు వస్తున్నాయి. వాటి మీద 3600 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, పక్కన చిన్నగా ఎండబ్ల్యూహెచ్, అంటే మిల్లీవాట్ అవర్లు, అని ఉంటుంది, 1.5తో భాగిస్తే 2400 ఎంఏహెచ్, అంతే. బాగానే పనిచేస్తాయి కానీ చివరిదాకా ఫుల్‌గా వెలిగి టప్పున ఆరిపోతాయి, మెట్లు దిగుతుండగా అలా ఆరిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాకు అందుకే నచ్చవు. సెల్లు తీయడానికి వీల్లేకుండా లోపలే బిగించేసిన టార్చిలూ నచ్చవు, నాలుగేళ్ళకి సెల్లు పోతే టార్చి మొత్తం చెత్తే.

ఇక ఊరికి తీసుకెళ్ళే టార్చి. నాన్న రాత్రిపూట మోటారు దగ్గరికి వెళ్తాడు, మామయ్యకీ ఒకటి తేరా అంటాడు, ఇది ప్రతి ఇంటా ఉన్నదే. ఊళ్ళో దొరికే చార్జింగ్ లైట్లలో చాలావాటికి చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, ఖాళీగా వదిలేస్తే త్వరగా చచ్చిపోద్ది. పొలానికి మాత్రం నేను 18650కే ఓటేస్తా, గట్టు మీద దూరం కనపడాలి, పెద్దాయనకి ఫోన్ చార్జర్‌తోనే పెట్టుకునే వీలుండాలి, సెల్లు బయటికి తీసేలా ఉండాలి, ఇంకో సెల్లు స్పేర్ ఇచ్చి రండి. విమానంలో స్పేర్ లిథియం సెల్లులు, చార్జింగ్‌వైనా పారేసేవైనా, హ్యాండ్ లగేజీలోనే పెట్టాలి, చెకిన్ పెట్టెలో కుదరదు. చార్జింగ్‌వాటికి పరిమితి సెల్లుకి వంద వాట్ అవర్లు, 18650 పదమూడు కూడా దాటదు కాబట్టి ఆ గొడవ లేదు, ఒక్కోటీ విడిగా డబ్బాలో ఉంటే చాలు. ఎనెలూప్‌లు, ఆల్కలైన్‌లు ఎందులోనైనా వేసుకోవచ్చు. బ్యాగులో టార్చి తనంతట తను వెలక్కుండా వెనక మూత పావు చుట్టు వదులు చేసి పెట్టండి.

అయిపోయిన చార్జింగ్ సెల్లుల్ని చెత్తలో వేయకండి, హోం డిపో, లోస్ షాపుల్లో తలుపు దగ్గరే డబ్బా ఉంటుంది, చివర్లకి టేపు అంటించి అందులో వేసేయండి. ఆల్కలైన్‌వి టెక్సస్‌లో ఇంటి చెత్తలో వేయొచ్చు, కాలిఫోర్నియా వాళ్ళకి అదీ కుదరదు.