పేదరికం: ఏ కొలతకు ఏది అందుతుంది?

ప్రశ్న: తెలంగాణలో పేదలు నూటికి ఆరుగురైనా లేరని ప్రభుత్వ నివేదికలో చదివాను. మా ఊళ్ళో మాత్రం సగానికి పైగా ఇళ్ళకు ఆహార భద్రత కార్డులున్నాయి. ఏ లెక్కను నమ్మాలి? మన ప్రాంతంలో పేదరికానికి కారణాలేమిటి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: రెండు లెక్కలూ సరైనవే కావచ్చు, అవి కొలిచింది ఒకదాన్ని కాదు. కార్డుకు ఆదాయం ప్రమాణం: గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర లోపు ఉండాలి. మీరు చదివిన 5.88 శాతం నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలోనిది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ఆధారంగా పోషణ, బడి, వంట ఇంధనం, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా వంటి 12 అంశాలు చూసి, లోట్ల మొత్తం మూడో వంతుకు చేరిన ఇంటినే అది పేద ఇల్లు అంటుంది. సంపాదన ఎంతని అడగదు.

అంతకుముందు కొలత ఖర్చుతో సాగేది. 2011–12కు గ్రామాల్లో మనిషికి నెల ఖర్చు 816 రూపాయలకు లోపైతే పేదలని టెండూల్కర్ నిపుణుల కమిటీ పద్ధతి, 972కు లోపైతే పేదలని ఆ తర్వాతి రంగరాజన్ కమిటీ పేదరికపు గీత గీయగా, దేశంలో పేదలు ఒక లెక్కలో 21.9 శాతం, మరో లెక్కలో 29.5 శాతం అయ్యారు. గీత జరిగిందే గాని ఎవరి కంచంలోనూ మెతుకు పెరగలేదు, తగ్గలేదు. పైగా పత్తి అమ్మిన డబ్బుతో బియ్యం కొన్నా, వడ్డీకి తెచ్చి ఆసుపత్రిలో కట్టినా సర్వేలో రెండూ ఖర్చు కిందికే వస్తాయి గనుక, అప్పులపాలైన ఇల్లు ఆ ఏడాది గీతకు పైన కనిపించవచ్చు.

సూచీకీ ఇలాంటి గుడ్డిచోట్లున్నాయి. అరగంటలో తెచ్చుకోగలిగితే బోరు నీళ్ళు దానికి మెరుగైన నీళ్ళే. అందులో ఫ్లోరైడ్ ఎంతో అది చూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్ళు తాగి నడుము వంగి, మోకాళ్ళు బిగిసి, కూలికి పోలేని స్థితికి వచ్చినవారి ఇళ్ళలో పేదరికం నీళ్ళ బిందెతోనే వచ్చింది. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చినా, వంగిన ఎముక తిరిగి నిలబడదు.

మిగిలిన కారణాలు మీకు తెలిసినవే: వాన మీద ఆధారపడిన చెలక, నీళ్ళు పడని బోరు, దాని అప్పు తీరకముందే వేసిన రెండో బోరు, చివరకు వలస. పాలమూరు పల్లెల నుంచి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్ళే దంపతులు పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలితే బడి సాగుతుంది, వెంట తీసుకెళ్తే చాలాసార్లు ఆగిపోతుంది. ఆగిన బడి సూచీకి అందుతుంది, అడ్వాన్సు అందదు.