మందుల పెట్టె తయారుచేస్తానన్న మాధురికి

కాకినాడ

చిరంజీవి మాధురికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. నువ్వు ఉద్యోగానికి రాజీనామా చేశావనీ, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం వేళకు పిలిచి మాత్రలు అందించే పెట్టె తయారుచేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పిందనడం కన్నా ఏడ్చిందనడం సబబు. జీతం గురించి ఆమె బెంగ ఆమెది. నా బెంగ వేరు. పక్షవాతం వచ్చినవాళ్లకూ, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లకూ మళ్లీ అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పిస్తూ ఉద్యోగమంతా గడిపినదాన్ని. మన ఇంటి పిల్ల ఇదే బాట పట్టిందంటే గర్వంగానే ఉంది, కానీ ఈ బాటలో మంచి మనసున్నవాళ్లు చేసిన తప్పులు కూడా చాలా చూశాను.

తేలికైన సంగతులు ముందే ముగించేస్తాను. అక్షరాలు పెద్దవిగా, ముదురుగా ఉండాలి. అక్షరానికీ దాని వెనుక రంగుకీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కి 1 ఉండాలన్న వెబ్ ప్రమాణం నీకు నాకంటే బాగా తెలుసు. మెరిసే ప్లాస్టిక్ వద్దు, శుక్లాలున్న కంటికి ఆ మెరుపే అడ్డం. చార్జింగ్ పిన్ను కూడా వద్దు. వణికే చెయ్యి అంత సన్నని రంధ్రాన్ని వెతుక్కోలేదు కనుక, వీధి చివర కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్లు వేసుకునేలా చెయ్యి.

శబ్దం విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. వయసుతో వచ్చే చెవుడు సాధారణంగా కీచు శబ్దాలతో మొదలవుతుంది, చౌకగా దొరికే బజర్లేమో ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యనే కూస్తాయి. మీ పెదనాన్నగారికి మైక్రోవేవ్ కూత బొత్తిగా వినిపించదు. (నా పిలుపు వినిపించనట్టు ఉండడం వేరే జబ్బు, దానికి మందు లేదు.) అమెరికాలో హోటల్ నిద్రగదుల్లోని పొగ అలారాలకు 520 హెర్ట్జ్ మంద్రధ్వనిని నిబంధనగా పెట్టింది, నిద్రలో ఉన్నవాళ్లకూ వినికిడి తగ్గినవాళ్లకూ అది బాగా అందుతుందనే. నీ పెట్టె కూడా ఆ స్థాయిలోనే పిలవాలి.

చేతితో తడిమి గుర్తుపట్టే సంగతికి వస్తే, మా ఎదురింటావిడకు చూపు దాదాపు లేదు. ఇంట్లో కొత్తగా కొన్న ఇండక్షన్ పొయ్యి పైభాగమంతా నున్నటి గాజు, ఎక్కడ నొక్కాలో వేలికి తెలిసే దారే లేదు. కోడలు బుద్ధిమంతురాలు, ఆన్ చేసే చోట ఒక స్టిక్కర్ బొట్టు, వేడి తగ్గించే చోట చిన్న బొట్టు, పెంచే చోట పెద్ద బొట్టు అంటించింది. అప్పటి నుంచి అత్తగారి కాఫీ అత్తగారే పెట్టుకుంటున్నారు. ఆ పొయ్యి గీసిన ఇంజినీరు ఆ మూడు చోట్లా చిన్న బుడిపెలు పెట్టి ఉంటే కంపెనీకి పోయేది ఏముంది? అయితే ఆ బుడిపె కూడా అరిగిపోకుండా నిలవాలి. మన నోట్లనే చూడు. పాత వరసలో 100, 500 నోట్ల పొడవులో 10 మిల్లీమీటర్ల తేడా ఉండేది. ఇప్పుడు 100 నోటుకీ 200 నోటుకీ, 200కీ 500కీ మధ్య ఉన్నది 4 మిల్లీమీటర్లే. 100 నోటు అంచున నాలుగు ఉబ్బెత్తు గీతలు, 500 నోటు అంచున ఐదు గీతలు పెట్టారు, మంచిదే, కానీ చేతులు మారి నలిగిన నోటు మీద ఆ ఉబ్బు ఎంత మిగులుతుందో ఎదురింటావిడను అడిగితే చెబుతుంది. అందుకే నీ పెట్టెను కొత్తగా ఉన్నప్పుడే కాదు, నూనె చేతులు తగిలి, కింద పడి, పసుపు మరకలు పట్టిన తరువాత కూడా పరీక్షించు.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టినది దేనికోసమో అది చెబుతాను. చాలాకాలం క్రితం గోదావరి జిల్లాల్లో ఒక దాతృత్వ సంస్థ చక్రాల కుర్చీల పంపిణీ శిబిరం పెట్టింది. పేరు ఎందుకులే, వాళ్లది దురుద్దేశం కాదు. మా విభాగం నుంచి సాయంగా కొందరిని పంపారు, వాళ్లలో నేనూ ఉన్నాను. లారీలో కుర్చీలన్నీ ఒకే కొలతలో దిగాయి: కూర్చునే చోటు 18 అంగుళాలు, చక్రాలతో కలిపి వెడల్పు 25 అంగుళాల పైమాటే. ప్రతి కుర్చీ వెనుకా దాత పేరు ఎర్రటి అక్షరాలతో రాయించారు. దండలు వేశారు, ఫొటోలు తీశారు, భోజనాలు పెట్టారు. కుర్చీ అందుకున్నవాళ్లలో చిన్నప్పుడు పోలియోతో రెండు కాళ్లూ పోయిన ఒక సన్నపాటి ఆవిడ ఉంది. ఫొటోలో అందరికంటే ఆవిడ నవ్వే నిండుగా ఉంది.

కొన్ని నెలల తరువాత, ఇచ్చిన కుర్చీలు ఎలా ఉన్నాయో చూసి రమ్మంటే ఆ ఊరు వెళ్లాం. ఆవిడ కుర్చీ వీధి కుళాయి దగ్గర కనిపించింది. దాని మీద రెండు నీళ్ల బిందెలు పెట్టుకుని ఆమె మరిది తోసుకుపోతున్నాడు, దాత పేరు మాత్రం చెక్కుచెదరలేదు. లోపలికి వెళ్లి చూస్తే ఆవిడ ఎప్పటిలాగే బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని, పొయ్యి పక్కన కత్తిపీటతో వంకాయలు తరుగుతోంది. పొయ్యి నేల మీదే, రుబ్బురోలు నేల మీదే, పప్పుడబ్బాలు గోడవారగా నేల మీదే. ఆవిడ సంసారమంతా నేల నుంచి మోకాలెత్తులో నడుస్తోంది. మేమిచ్చిన కుర్చీ ఆవిడను దాదాపు 20 అంగుళాలు పైకి ఎత్తి, ఆ సంసారానికి అందకుండా చేసింది. దొడ్డి తలుపు వెడల్పు రెండడుగులు, కుర్చీ అందులో పట్టనే పట్టదు. వీధి ఇసుకలో ముందు చక్రాలు కూరుకుపోతాయి. "దాంట్లో కూర్చుంటే దొరసానిలా ఉంటానమ్మా, మరి పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని నవ్వుతూనే అడిగింది. మాతో వచ్చిన నిర్వాహకుడు, ఇచ్చిన వస్తువును సరిగ్గా వాడుకోవడం వీళ్లకు తెలియదని విసుక్కున్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ మంటగానే ఉంటుంది. కుర్చీలు తెప్పించేటప్పుడు నిర్వాహకులు దాతను ఎన్నో అడిగారు, పేరు ఏ రంగులో రాయించాలో కూడా అడిగారు. నీ పని ఏ ఎత్తులో జరుగుతుందని ఆవిడను అడిగినవాళ్లు లేరు. డబ్బు పెట్టేవాడు ఒకడు, వస్తువుతో బతకవలసినవాడు మరొకడు అయినప్పుడు, తయారుచేసేవాళ్ల చూపు తెలియకుండానే డబ్బు వైపు తిరుగుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. విదేశీ నమూనాలో చేసిన కృత్రిమ పాదాలు బూటు లోపల పెట్టుకుని నడవడానికి చేసినవి. వాటితో గొంతుక్కూర్చోలేరు, ఒట్టి కాళ్లతో పొలంలో దిగలేరు. 1960ల చివర్లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామ్‌చంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరుతో, అన్ని వైపులా వంగే పాదం చేశారు. బూటు అక్కర్లేదు, బురదలో నడవవచ్చు, బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు, చెట్టు కూడా ఎక్కవచ్చు. సేథీగారికి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్లు కాలు పోయినవాడి రోజు ఎలా గడుస్తుందో చూసి, ఆ రోజుకు సరిపడే పాదం చేశారు.

నీ పెట్టె కొనేది డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు. వాడేది అమలాపురంలో ఒంటరిగా ఉన్న తల్లి. మాత్ర వేసుకోకపోతే కొడుకు ఫోన్‌కు వెంటనే కబురు వెళుతుందని నువ్వు మీ అమ్మతో గొప్పగా చెప్పావట. ఆ తల్లి స్థానంలో కూర్చుని ఆలోచించు. పక్కింటి పేరంటానికి వెళ్లి వచ్చేసరికి ఆలస్యమైంది, అక్కడ అర్ధరాత్రి కొడుకు ఉలిక్కిపడి లేచి ఫోన్ చేసి కేకలేశాడు. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఆవిడ పెట్టె నోరు మూయించడానికి మాత్రను తీసి సింకులో పడేస్తుంది. నీ లెక్కలో మాత్ర వేసుకున్నట్టే, కొడుకు నిశ్చింతగా నిద్రపోతాడు. అందుకే కబురు ఎవరికి వెళ్లాలి, ఎంతసేపటి తరువాత వెళ్లాలి, అసలు వెళ్లాలా వద్దా అన్నది తేల్చే మీట ఆవిడ చేతిలో ఉండాలి. కొడుకులు ఒప్పుకోరు, అమ్మకాలు తగ్గుతాయని నీ స్నేహితులూ అంటారు. అన్నా సరే.

ఇక నా భయం. అప్పటికి నువ్వు చిన్నపిల్లవు కనుక నీకు గుర్తుండదు, మీ అమ్మమ్మకు షుగర్ ఉండేది, ఏకాదశి ఉపవాసమూ ఉండేది. ఉపవాసం నాడు కూడా మాత్ర మానకూడదని పొద్దున్నే వేసుకుంది. మధ్యాహ్నానికి తులసికోట దగ్గర ఒళ్లంతా చెమటతో, మాట తడబడుతూ పడి ఉంది. చక్కెర నీళ్లు తాగించేసరికి తేరుకుంది, దేవుడి దయ. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు తిండి లేకుండా వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. నీ పెట్టెకు తెలిసింది గడియారమే. ఎనిమిదయిందని పిలుస్తుంది, వేసుకునేదాకా పిలుస్తూనే ఉంటుంది. గ్యాస్ అయిపోయి టిఫిన్ ఆలస్యమైన రోజున, జ్వరంతో ఏమీ సహించని రోజున కూడా పిలుస్తుంది. అమ్మమ్మ లాంటి మనిషి ఎదుట ఒక యంత్రం అంత పట్టుదలగా అడిగితే, డాక్టరే అడిగినట్టు భయపడి వేసుకుంటుంది. తిండితో ముడిపడ్డ మాత్రలకు పెట్టె ముందు "తిన్నారా?" అని అడగాలి, లేదని జవాబిస్తే ఆగాలి, ఆగినందుకు ఎవరికీ ఫిర్యాదు చేయకూడదు. ఏ మాత్రకు ఏ నియమమో డాక్టరు చేత రాయించుకో, నీ అంతట నువ్వు నిర్ణయించకు. ఒక్క సలహానే పాటిస్తానంటే ఇదే పాటించు, తల్లీ.

మాత్రలను రేకు నుంచి తీసి అరల్లో పోయడం కూడా అన్నింటికీ కుదరదు. ఫిట్స్‌కు ఇచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, మన కాకినాడ గాలిలో ఇక చెప్పనే అక్కర్లేదు. రేకును కత్తెరతో ముక్కలు చేస్తే పేరు ఒక ముక్కకు, గడువు తేదీ ఇంకో ముక్కకు పోతాయి. రేకు ముక్కతో సహా పట్టే అర చేయగలవేమో చూడు.

మూత కీళ్లనొప్పుల చేతికి తేలిగ్గా రావాలి, అదే మూత సెలవులకు వచ్చిన మూడేళ్ల మనవడికి రాకూడదు. రెండూ కుదరవని విసుక్కోకు. అమెరికాలో 1970 చట్టం కింద పిల్లలు తెరవలేని మందు మూతలను 50 నుంచి 70 ఏళ్ల పెద్దలు తెరవగలరో లేదో కూడా పరీక్షిస్తారు. బలం అడిగే మూత కాకుండా, వరస తెలిస్తేనే తెరుచుకునే మూత గురించి ఆలోచించు.

చూడడానికి ఆసుపత్రి సామానులా ఉండకూడదు. ఎర్ర ప్లస్ గుర్తు వేశావంటే చుట్టాలు రాగానే అది బీరువాలోకి పోతుంది. 1990లో శామ్ ఫార్బర్ అనే అమెరికన్, భార్య చేతికి కీళ్లవాతం ఉండడం చూసి లావుపాటి మెత్తని పిడులతో వంటింటి పనిముట్లు తెచ్చి ఆక్సో పేరుతో అందరికీ అమ్మాడు, జబ్బున్నవాళ్లవి అని విడిగా పెట్టలేదు. నీదీ టేబుల్ మీద వక్కపొడి డబ్బా పక్కన సిగ్గుపడకుండా కూర్చోగలగాలి.

చట్టం నీకు అండగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 43వ సెక్షన్, అందరూ వాడగలిగే వినియోగ వస్తువులను ప్రోత్సహించమని ప్రభుత్వాలకు చెబుతుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనంది. ఆ కేసు యాసిడ్ దాడికి గురైనవాళ్లది: బ్యాంకు కేవైసీకి కెమెరా ముందు కళ్లార్పమంటే, రెప్పలే మిగలనివాళ్లు ఏం చేయాలి? ఆ కేవైసీ రాసినవాళ్లకూ ఎవరినైనా ముందే అడగాలని తోచలేదు.

నమూనా తయారైతే పట్టుకుని రా. నాకు చూపించడం రెండో పని, ముందు ఎదురింటావిడ ఇంట్లో నెలరోజులు ఉంచాలి. బాగుందా అని అడగకు, మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. పక్కన కూర్చుని, నోరు విప్పకుండా, ఆవిడ చేయి ఎటు వెళుతుందో చూడు. నువ్వు సాయం చేయబోతే నేను నీ చేతి మీద కొడతాను. ఆవిడ సమయానికి డబ్బు ఇవ్వాలి, పెద్దావిడకు డబ్బేమిటని చీరతో సరిపెట్టకు. కబుర్లు పంపేది ఒకటి, పంపనిది ఒకటి, రెండు పెట్టెలు తీసుకురా. సెల్లు నేను కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ