ఉయ్యాల పోయి వచ్చేంత సేపు

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. తిరుపతిలో పద్నాలుగు మందిని పోగేసి, అన్నమయ్య సప్తగిరి సంకీర్తనలు ఏడూ, చివర్లో ‘జో అచ్యుతానంద’ లాలీ బృందగానంగా రికార్డింగ్ చేయిస్తున్నావట. విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. నా దగ్గర సరళీస్వరాలు మొదలుపెట్టిన రోజు నువ్వు తంబూరా కంటే పొట్టిగా ఉండేదానివి. ఈరోజు పద్నాలుగు గొంతులను నడిపిస్తానంటున్నావు.

అయితే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. స్టూడియో ఒక్కరోజుకే దొరికిందని, ఎనిమిది పాటలూ ఆ రోజే ముగించేస్తారని. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ముందురోజు చల్లటివి తాగొద్దు. ఏసీ గదిలో కూర్చోవాలి కాబట్టి శాలువా, వేడినీళ్ల ఫ్లాస్కు మరిచిపోవద్దు. ఏ పాట ఏ శ్రుతో, అంటే షడ్జమం ఏ ఎత్తులో పెడుతున్నారో, మృదంగం అబ్బాయికి వారం ముందే చెప్పు. ఐదు శ్రుతికి ఒక మృదంగం, ఒకటికి ఇంకొకటి కావాలి. అక్కడికక్కడ రాయితో కొట్టి అంత దూరం తేలేడు.

శ్రుతి దగ్గర మాత్రం కొంచెం ఆగు. ఆడపిల్లలు ఐదులో, మగపిల్లలు ఒకటిలో హాయిగా పాడతారు. ఇద్దరికీ మధ్యన ఉంటుందని ఏ రెండున్నరో మూడో పెట్టావనుకో, ఆడపిల్లల గొంతు మంద్రంలో వినపడదు, మగపిల్లలు తారస్థాయిలో అరుస్తారు. అది ఇద్దరినీ కష్టపెట్టడమే. ముఖారి రాగంలో ‘బ్రహ్మకడిగిన పాదము’ మగపిల్లలకు ఇవ్వు. హిందోళంలో ‘కొండలలో నెలకొన్న’ ఆడపిల్లలకు ఉంచు. అన్నీ అందరూ పాడితేనే బృందగానమని ఎవరూ అనలేదు.

అందరూ కలిసి పాడాల్సింది ‘ముద్దుగారే యశోద’. కురంజి రాగం కింద నిషాదం నుంచి పైన ధైవతం దాకానే తిరుగుతుంది, పై షడ్జమాన్ని తాకదు. అందుకే పెద్దలు దాన్ని మధ్యమ శ్రుతిలో పాడారు. మగపిల్లల ఒకటి శ్రుతిలో మధ్యమాన్ని షడ్జమం చేసుకుంటే అది నాలుగు అవుతుంది. ఆ నాలుగులో కురంజి మొత్తం ఆడగొంతుకూ మగగొంతుకూ ఒకే స్థాయిలో అందుతుంది. పద్నాలుగు మందీ ఒకే గొంతుగా వినిపించే చోటు అదొక్కటే. తంబూరాలో పంచమం తీగను మధ్యమానికి దించడం మరిచిపోకండి.

ఇక లాలి. నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ఉంది.

1986లో మేము పదిమంది ఆడవాళ్లం ఒక క్యాసెట్ చేశాం. బృందానికి నేనే పెద్ద. అరవై నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. మొదటి వైపు చివర్లో లాలి. మిగతా పాటలు అయ్యేసరికి ఆ వైపు నాలుగు నిమిషాలే మిగిలాయి. మేం సాధన చేసిన లాలి ఆరున్నర నిమిషాలు. ఒక చరణం తీసేసి ఉండొచ్చు, రెండో వైపుకు మార్చి ఉండొచ్చు. రాత్రి పది కావస్తోంది, చిత్తూరు బస్సు పోతుందని అందరికీ టెన్షన్. నేను గాజులు పైకి లాక్కుని, తొడమీద తాళం గట్టిగా వేసి, “కాస్త వేగం పెంచి పాడేద్దాం” అన్నాను. రికార్డింగ్ చేసేవాడు నిద్రమత్తుగా ఉందన్నాడని శ్రుతి కూడా అర పెంచాను. మూడు నిమిషాల యాభై సెకన్లలో అయిపోయింది. అందరం చప్పట్లు కొట్టుకున్నాం.

క్యాసెట్ తెచ్చి మీ అవ్వకు వినిపించాను. మొదటి పాటలకు తల ఊపింది. లాలి రాగానే ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి గాల్లో ఉయ్యాల ఊపడం మొదలుపెట్టింది. రెండు ఊపులు. పాట ఆమె చేతికంటే ముందుకు పోయింది. చెయ్యి కిందికి దించేసి, “ఇట్లా ఊపితే బిడ్డ నిద్రపోతుందా అమ్మీ, లేచి కూర్చుంటుంది” అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

నిన్నూ మీ అమ్మనూ నన్నూ ఆ పాటతోనే పడుకోబెట్టింది ఆమె. రాత్రి కొండమీద ఏకాంతసేవలో స్వామికి పాడే పాట అది. మళ్లీ సరిగ్గా చేద్దాం, ఈసారి ఆమె చేతనే పాడించి రికార్డు చేద్దాం అనుకున్నాను. ఈ ఏడాది, వచ్చే ఏడాది అంటుండగానే ఆమె వెళ్లిపోయింది. ఆ గొంతు ఎక్కడా లేదు. నేను పరుగెత్తించిన క్యాసెట్ మాత్రం బీరువాలో ఉంది.

అన్నమయ్య పాటలున్న రాగిరేకుల మీద రాగం పేరు చెక్కారు గానీ స్వరం చెక్కలేదు. ఎంత నిదానంగా పాడాలో ఏ రేకు మీదా లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు లాంటి పెద్దలు ఎన్నిటికో వరుసలు కట్టి మనకిచ్చారు. కాలప్రమాణం మాత్రం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి రావాల్సిందే. ఒకరు తొందరపడితే తర్వాతివాళ్లకు ఆ తొందరే మిగులుతుంది. మీరు చేసేది రేపు ఫోన్లలో ఎక్కడెక్కడో వింటారు, ఏదో ఇంట్లో ఓ తల్లి దాన్నే పెట్టి బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. అందుకే నా భయం.

గుంపులో పాడేటప్పుడు పాట పరుగెత్తడం ఎవరికీ తెలియదు, పక్కవాళ్లను అందుకుందామని అందరూ ముందుకు తోస్తారు. సాధనను ఫోన్‌లో రికార్డు చేసి, మొదటి పల్లవికీ చివరి పల్లవికీ ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకో. చివరిది రెండు సెకన్లు తగ్గినా ఆపి మళ్లీ మొదటి నుంచి పాడించు. లాలి నవరోజు రాగంలో ఉంది, అది పంచమం దాటి పైకి పోదు. ఆడపిల్లల చేతే పాడించు, వాళ్ల ఐదుకు మధ్యమ శ్రుతిలో. ఎవరైనా నిద్రమత్తుగా ఉందంటే సరిగ్గా కుదిరిందనుకో. స్టూడియో ఇంకో రోజు తీసుకో, డబ్బులు నేనిస్తాను. వద్దంటే ఊరుకోను.

ఈ ఆదివారం నువ్వు చిత్తూరు రా. మన నడింట్లో దూలానికి ఉయ్యాల కొక్కెం ఇంకా ఉంది. దూలం నుంచి ఉయ్యాల రెండు మీటర్ల కిందికి వేలాడేది, ఒకసారి పోయి రావడానికి మూడు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. లోపల బిడ్డ బరువైనా తేలికైనా అంతే. మీ అవ్వ పాత చీర తీసి ఉతికి ఆరేశాను. కొక్కేనికి కట్టి, లోపల దిండు పెట్టి ఊపుతాను. నువ్వు పక్కన కూర్చుని పాడు.

మీ పెద్దమ్మ