నికోటిన్ లేని తులసి సిగరెట్లు కాలిస్తే పొగ మానేయొచ్చా? మానేసినప్పుడు వచ్చే చిరాకు తగ్గుతుందా?

కాల్చి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. చిరాకు కాస్త తగ్గుతుంది. దానికోసం పొగ మాత్రం అక్కర్లేదు.

మాది విజయనగరం, కోట దగ్గర జిరాక్స్ షాపు. పదహారేళ్లు రోజుకి పెట్టెన్నర కాల్చాను. 2022 భోగి మంటలో పాత చేటతో పాటు సిగరెట్ పెట్టె కూడా పడేశాను. తులసి సిగరెట్లు ముందే ఆన్‌లైన్‌లో తెప్పించి దాచుకున్నాను, అదీ నా ధైర్యం. పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ. ధర మాత్రం నేను కాల్చే మామూలు వాటికంటే ఎక్కువే. ఆకు బొమ్మ వేస్తే ఏదైనా కొనేస్తాం మనం.

మానేసిన మొదటి రెండు మూడు రోజులే గట్టి గండం. నాకు మూడో రోజు కనుమ పడింది. కళింగపట్నం దగ్గర మామ్మ వాళ్ల ఊళ్లో ఉన్నాం. గారెలూ నాటుకోడి కూరా తిని లేచానో లేదో, తడి చెయ్యి తుడుచుకోకుండానే జేబులోకి పోయింది. మా అబ్బాయి గాలిపటం దారం చిక్కు తీయమని వస్తే వాడి మీద అరిచేశాను. వాడు దారం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ చిక్కుని చూస్తూ అరుగు మీద కూర్చుని తులసి సిగరెట్ ముట్టించాను. లోపల్నుంచి మామ్మ వచ్చింది.

"ఏట్రా బావూ, తులసికోట అంటించీసినావేటి?"

వాసన అలాగే ఉంది మరి. గొంతులో గరగర, ఒకటే దగ్గు. అయినా రెండు దమ్ములకి మనసు కుదుటపడింది, అబద్ధం ఎందుకు! నికోటిన్ తీసేసిన సిగరెట్ కాల్చినా కాసేపు ఆశ తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. అందుకే నా లెక్కలో ఈ అలవాటు సగం నికోటిన్, సగం వేళ్లూ నోరూ. కానీ తులసి ఆకైనా కాల్చామంటే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిందే.

మామ్మకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆవిడది అడ్డపొగ. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, ఊడ్పుల్లో వంగి పనిచేస్తూనే పీల్చేసేది. మా తీరం వైపు పాతకాలం ఆడవాళ్లలో ఇది మామూలే. అంగిలి తెల్లబడి ఎర్ర చుక్కలు లేస్తే పళ్ల డాక్టరు అది క్యాన్సర్‌కి దారి అని చెప్పాడు. ఇంటికొచ్చి చుట్టలు మానేసి, బొడ్లో వేపపుల్ల దోపుకుంది. ఆరోజు అరుగు మీద అదే పుల్ల తీసి నా చేతిలో పెట్టింది.

"ఆశ ఎంతసేపుంటాదిరా? పుల్ల నమిలి ఉమ్మీసేసరికి ఎలిపోద్ది."

నిజమే, ఒక్కో తపన మామూలుగా కొద్ది నిమిషాలకి మించి నిలవదు. కానీ వేపచేదు నావల్ల కాలేదు. కొబ్బరినీళ్ల స్ట్రా ఒకటి సిగరెట్ పొడుగున కత్తిరించుకున్నాను. వేళ్ల మధ్య పెట్టుకుని మెల్లగా గాలి పీల్చి, ఆగి, మెల్లగా వదలడమే. షాపుకొచ్చిన కాలేజీ పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. టీతో పాటే సిగరెట్ గుర్తొస్తుందని రెండు వారాలు టీ కూడా మానేసి మజ్జిగ తాగాను. నోట్లో సోంపు. నాలుగు కిలోలు పెరిగాను.

నికోటిన్ ఉన్న గమ్ కూడా ఒకసారి వాడాను. మందుల షాపులో ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. బబుల్‌గమ్‌లా నమిలేసి గంటసేపు ఎక్కిళ్లు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, ఆపై బుగ్గలో దాచుకోవాలట! ముందే తెలిస్తే అదీ స్ట్రా కలిపి వాడేవాణ్ణి, సగం బాధ తప్పేది. రోజుకి పెట్టె దాటేవాళ్లు ఊరికే పంతానికి పోకుండా డాక్టర్ని అడగండి, లేదా 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం. వేప్ అని కుర్రాళ్లు చూపించేది మాత్రం వద్దు, ఈ-సిగరెట్లని మన దేశంలో 2019లోనే నిషేధించారు.

తులసి పెట్టెలో మిగిలిన ఏడింటినీ ఆ రాత్రే మామ్మ పశువుల శాలలో దోమలకని ముట్టించింది. దోమలూ పోలేదు.