వంద శాతం కాకపోయినా ఆట ఆటే

ప్రశ్న: ఉద్యోగం నుంచి వచ్చి, రాత్రి భోజనమయ్యాక ఒక గంట ల్యాప్‌టాప్‌లో ‘ది విచర్ 3’ ఆడుతున్నాను. మ్యాప్ నిండా ఇంకా చూడని చోట్లను సూచించే ప్రశ్నార్థకాలే. అవన్నీ పూర్తి చేసి, ఆటలు అమ్మే స్టీమ్ వేదికలో అచీవ్‌మెంట్లన్నీ, అంటే లక్ష్యాలు పూర్తిచేస్తే ఇచ్చే గుర్తింపులన్నీ, సాధించాలని పట్టుబట్టాక ఆట కూడా డ్యూటీలా తయారైంది. మధ్యలో ఆపేద్దామంటే పెట్టిన డబ్బు గుర్తొస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆపేయవచ్చు. అయితే ఆపేముందు ఆటను మీకు తగినట్టు మార్చుకుని చూడండి. మీరు రాసినదాన్ని బట్టి మీకు కథ మీద విసుగు పుట్టలేదు, లెక్కల మీద పుట్టింది.

ఈ లెక్కలకు మరీ పాత చరిత్ర లేదు. ఏ ఆటలో ఎంత సాధించారో ఆటగాడి ఖాతాలో నమోదు చేసి నలుగురికీ చూపించే అచీవ్‌మెంట్ల పద్ధతిని 2005లో ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ యంత్రం వ్యాప్తిలోకి తెచ్చింది; 2007లో స్టీమ్, 2008లో ట్రోఫీల పేరుతో ప్లేస్టేషన్ 3 అదే దారి పట్టాయి. అంతకుముందు ఆటల్లో ఏరుకునే వస్తువులు లేకపోలేదు. 2002 నాటి ‘జీటీఏ వైస్ సిటీ’లో 100 ప్యాకేజీలు దాచి ఉంచారు. అయినా మన ఊళ్ల నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడిన పిల్లల్లో చాలామంది ఆట అప్పగించే మిషన్ల జోలికే పోకుండా, చీట్ కోడ్ కొట్టి, నచ్చిన బండెక్కి, సముద్రం పక్క రోడ్డు మీద రేడియో పాటలు వింటూ తిరిగేవారు. వారు ఆటను సరిగ్గా ఆడలేదని నేను అనను; కట్టిన డబ్బుకు తగిన సంతోషం వారికి దక్కింది.

ఇక మీ విచర్ సంగతి. స్కెల్లిగే దీవుల చుట్టూ సముద్రంలో కనిపించే ప్రశ్నార్థకాల్లో చాలావరకు దొంగరవాణా సరుకులే. పడవలో అక్కడికి చేరడం, మీదికొచ్చే సైరెన్లనే రాక్షసులను కొట్టడం, నీళ్లలోని పెట్టెలు వెతికి తెరవడం, మళ్లీ పడవెక్కడం. కొన్నిటిని చూస్తే మిగతావీ చూసినట్టే; దొరికేది ఎక్కువగా అమ్ముకునే సామగ్రే తప్ప కథను ముందుకు నడిపేది కాదు. అదే ఆటలో వెలెన్ ప్రాంతపు బ్లడీ బ్యారన్ ఇంటి కథ ఉంది. తాగుడు, పశ్చాత్తాపం, చెదిరిన కుటుంబం గురించి ఆ మనిషి చెప్పే మాటలు విని, మీరు తీసుకునే నిర్ణయాల ఫలితాన్ని చూడడానికి రెండు మూడు రాత్రులు కేటాయించినా వృథా కావు. రోజుకు ఒక్క గంటే ఉన్నవారు దాన్ని పెట్టెల మీద కాక ఇలాంటి చోట ఖర్చు చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇందుకు ఆటలోనే వెసులుబాట్లున్నాయి. 2022 డిసెంబరు అప్‌డేట్‌తో మ్యాప్‌లో ప్రశ్నార్థకాలను దాచే ఫిల్టర్ వచ్చింది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. పోరాటాలు అలసట కలిగిస్తుంటే డిఫికల్టీని అన్నిటికన్నా తేలికైన ‘జస్ట్ ద స్టోరీ’కి తగ్గించండి. దీన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఆడుతుండగా తెర మూలన వచ్చే అచీవ్‌మెంట్ సందేశాలను స్టీమ్ సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్ల విభాగంలో ఆపివేయవచ్చు.

అన్నీ ఏరాలన్నది తయారుచేసినవారి కోరిక కూడా కానవసరం లేదు. ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లో లోకమంతా దాచిన 900 కొరొక్ విత్తనాలుంటే, ఆయుధాలు దాచుకునే చోటును పూర్తిగా పెంచుకోవడానికి 441 సరిపోతాయి. అంత పెద్ద లోకంలో ఎవరు ఏ దారిన వెళ్లినా కొన్నైనా కంటపడతాయి.

డబ్బు మాటకొస్తే, ఇష్టం లేకుండా ఇంకో నెల ఆడినా అది తిరిగి రాదు. పైగా విచర్ సేవ్‌లు, అంటే మీరు ఆడినంతవరకు భద్రపరచిన ఫైళ్లు, స్టీమ్ క్లౌడ్ అనే ఆన్‌లైన్ నిల్వలో ఉంటాయి కనుక, అవి అక్కడికి చేరాయో లేదో చూసుకుని ఆటను తీసేసినా మీ ప్రగతి పోదు. ఆరు నెలల తర్వాత తెరిచినా, లోడ్ అయ్యేటప్పుడు కథ ఎక్కడిదాకా వచ్చిందో ఆటే చెబుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. ట్యాబ్‌లో దిమ్మెలతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట తెరిచి గండికోటలాంటి కోట కడుతూ కూర్చుంటాడు. డ్రాగన్‌ను చంపితేనే గెలిచినట్టని వాడి స్నేహితులు అంటున్నారు. వాడికి ఆడడం రావడం లేదా సార్?
– ఒక తల్లి, కడప

జవాబు: బాగా వచ్చమ్మా. ఎండర్ డ్రాగన్‌ను చంపితే ముగింపు అక్షరాలు వస్తాయి గానీ ఆ లోకం ముగిసిపోదు, ఆ తర్వాత కూడా కట్టుకుంటూ పోవచ్చు. స్వేచ్ఛగా కట్టుకోవడానికే ఉన్న క్రియేటివ్ మోడ్‌లో అన్ని దిమ్మెలూ మొదటి నుంచే అందుబాటులో ఉంటాయి; కోట గోడలకు తగిన ఎర్ర ఇసుకరాయి దిమ్మెలూ వాటిలో ఉన్నాయి. ట్యాబ్‌లో ఆ మోడ్‌కు మారిస్తే ఆ లోకంలో అచీవ్‌మెంట్లు రావు. ముందే చెప్పి, వాడికి ఇష్టమైతేనే మార్చండి. మీరు జాగ్రత్తపడవలసిన విషయం ఇంకొకటుంది. ట్యాబ్‌లో చోటు చాలడం లేదని యాప్‌ను తీసేస్తే కోట కూడా దానితో పాటే పోయే ప్రమాదముంది. ముందుగా ఫొటోలు, వీడియోలు తగ్గించండి.

ప్రశ్న: స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తారా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు స్టీమ్ సపోర్ట్ పేజీలో రిఫండ్ కోరితే సాధారణంగా ఇస్తారు. ఆటకు ముందు వచ్చే లాంచర్ విండో తెరిచి పక్కన పెట్టిన సమయం కూడా లెక్కలోకి రావచ్చు, కాబట్టి ఆడనప్పుడు పూర్తిగా మూసేయండి.