165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాక తలనొప్పి... మళ్లీ 60కి మారాలా?

ప్రశ్న: నా వయసు 23. ఇంటి నుంచే ఉద్యోగం. రాత్రిపూట కంప్యూటర్‌లో షూటింగ్ గేమ్స్ ఆడతాను. ఈమధ్య పాత 60 హెర్ట్జ్ మానిటర్ తీసేసి 165 హెర్ట్జ్‌ది కొన్నాను. బొమ్మ అలుక్కుపోకుండా ఉంటుందని మెనూలో ‘మోషన్ బ్లర్ రిడక్షన్’ ఆన్ చేశాను. అప్పట్నుంచి గంటసేపు ఆడితే చాలు, కణతలు లాగేస్తున్నాయి, కళ్లు మండుతున్నాయి. హెర్ట్జ్ ఎక్కువైతే కళ్లు పాడవుతాయని మా నాన్న అంటున్నారు. మళ్లీ 60కి మార్చేయమంటారా? ఇన్‌పుట్ లాగ్‌కీ తలనొప్పికీ సంబంధం ఉందా? నీలి కాంతిని ఆపే బ్లూ కట్ అద్దాలు వాడాలా?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 60కి మార్చొద్దు. ముందు ఆ మోషన్ బ్లర్ రిడక్షన్ ఆపేయండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే నా అనుమానం దాని మీదే.

మీ నాన్నగారి భయం అర్థం చేసుకోదగ్గదే గానీ, విషయం దానికి పూర్తిగా వ్యతిరేకం. హెర్ట్జ్ అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందన్న లెక్క, అంతే. వెనకటి డబ్బా మానిటర్లలో 60 దగ్గర పెడితే తెర రెపరెపలాడేది. 85కి పెంచితే కంటికి హాయిగా ఉండేది. ఇప్పటి ఎల్‌సీడీల్లో 60 దగ్గర కూడా ఆ రెపరెప లేదు. కానీ ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లపాటు కదలకుండా నిలబడి ఉంటుంది. పరిగెత్తే శత్రువును మీ కన్ను మాత్రం ఆగకుండా వెంబడిస్తుంది. బొమ్మ ఆగి, కన్ను కదలడంతో రెటీనా మీద మరక పడుతుంది. మీరు చెప్పిన ‘అలుక్కుపోవడం’ చాలావరకు ఇదే. ఆ శత్రువు సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో కదులుతుంటే 60 హెర్ట్జ్‌లో మరక వెడల్పు 16 పిక్సెళ్లు, 165లో ఆరు లోపే. అంటే హెర్ట్జ్ పెంచి మీరు కంటికి మేలే చేశారు.

చిక్కంతా ఆ తర్వాత ఆన్ చేసిన మోడ్‌తో. బొమ్మ నిలబడి ఉండే సమయాన్ని ఇంకా తగ్గించడానికి అది తెర వెనకున్న లైటును ప్రతి బొమ్మకూ ఒకసారి వెలిగించి ఆర్పేస్తుంది. సెకనుకు 100కు పైగా మినుకులన్నమాట. ఆ వేగంలో మీకు మినుకు కనబడదు, తెర నిలకడగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కంటికి కనబడనంత మాత్రాన మెదడుకు అందదని కాదు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతాయి. బ్రిటన్‌లో ఒక ఆఫీసులో ఇలాంటి లైట్లకు, మినుకు లేని ఎలక్ట్రానిక్ చోక్ లైట్లకు మధ్య తేడా చూసి 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండో రకం కింద తలనొప్పులు, కళ్ల అలసట సగానికి పైగా తగ్గాయి. అందరికీ ఇది తగలదు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు, ఆ తత్వం ఉన్నవాళ్లకు ఎక్కువ. మీ అమ్మగారికో అక్కచెల్లెళ్లకో పార్శ్వపు నొప్పి ఉందేమో అడిగి చూడండి.

మినుకును ఇంట్లోనే పట్టుకోవచ్చు. గదిలో లైట్లు ఆర్పి, తెర మీద తెల్లటి పేజీ తెరిచి, దాని ముందు పెన్సిల్‌ను వేగంగా అటూ ఇటూ ఊపండి. మినుకు లేకపోతే పెన్సిల్ నీడ ఒకే పొరగా పాకినట్టు ఉంటుంది. మినుకు ఉంటే విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు కనబడతాయి. ఆ మోడ్ ఆన్ చేసి ఒకసారి, ఆపేసి ఒకసారి ఊపి చూడండి. ఆపాక కూడా విడివిడిగానే కనబడితే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి మళ్లీ ఊపండి. కొన్ని మానిటర్లు వెలుతురు తగ్గించడానికి కూడా లైటును మినుకుమనిపిస్తాయి. అలాంటప్పుడు బ్రైట్‌నెస్ ఎక్కువగానే ఉంచి, గదిలో కూడా ఒక లైటు వేసుకుని ఆడటం మేలు.

ఒక వారం ఆ మోడ్ లేకుండా ఆడండి. నొప్పి పోతే దొంగ దొరికినట్టే. అన్నట్టు, గేమ్ సెట్టింగ్స్‌లో కూడా ‘మోషన్ బ్లర్’ అని ఒకటి ఉంటుంది. అది మసకను తగ్గించేది కాదు, కావాలని కలిపేది. దాన్ని నిశ్చింతగా ఆపేయండి. అలాగే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 165 ఎంచుకున్నారో లేదో చూడండి. కొత్త మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడేవాళ్లు తక్కువేం కాదు.

ఇన్‌పుట్ లాగ్ అంటే మౌస్ నొక్కాక తెర మీద తుపాకీ పేలేదాకా పట్టే సమయం. గేమింగ్ మానిటర్ వల్ల అందులో కలిసేది కొద్ది మిల్లీసెకన్లే. దానివల్ల కంటికి హాని లేదు. కాకపోతే లాగ్ ఉందనిపించినప్పుడు ముందుకు వంగి, మౌస్‌ను పిడికిట్లో బిగించి ఆడతారు. అప్పుడు మెడ కండరాలు పట్టేసి, ఆ నొప్పి తల వెనక నుంచి కణతలకు పాకుతుంది. తెర చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు మించకుండా ఉండాలి.

మంట సంగతి వేరు. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్పలు వేస్తాం. తెర ముందు అది సగం కంటే తక్కువకు పడిపోయి, కన్ను ఆరిపోతుంది. పైగా మీరు పగలంతా ఉద్యోగం కూడా తెర ముందే. ఫ్యాన్ గాలి గానీ ఏసీ గాలి గానీ నేరుగా ముఖానికి తగలకుండా కూర్చోండి. ప్రతి మ్యాచ్ తర్వాత లేచి కిటికీలోంచి దూరంగా చూడండి. కంటిని తడిగా ఉంచే, ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవచ్చు. మందుల షాపులో ‘కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏదైనా ఇవ్వండి’ అని మాత్రం అడగొద్దు. ఇచ్చేదాంట్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. డాక్టర్ చూడకుండా దాన్ని నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు వచ్చే ప్రమాదం ఉంది.

బ్లూ కట్ అద్దాలకు డబ్బులు పెట్టొద్దు. 17 పరీక్షల ఫలితాలను కలిపి వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్షలో, మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కళ్ల అలసట తగ్గినట్టు తేలలేదు. ఆ డబ్బుతో కంటి పరీక్ష చేయించుకోండి. ఈ వయసులో చిన్న ప్లస్ పవర్‌ను కంటి కండరం కప్పిపెట్టేస్తుంది. కంప్యూటర్ పరీక్షలో అన్నీ బాగానే ఉన్నట్టు వస్తుంది. అందుకే ఆ కండరాన్ని సడలించే చుక్కలు వేసి పవర్ చూడమని, రెండు కళ్లూ దగ్గరి వస్తువు మీద సరిగా కలుస్తున్నాయో లేదో కూడా చూడమని అడగండి. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు చూపు మసగ్గా ఉంటుంది, బండి నడపొద్దు.

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే డాక్టర్‌కు చెప్పండి. మూర్ఛను రేపేవి ఎక్కువగా సెకనుకు 3 నుంచి 30 మెరుపులు. అవి మానిటర్ నుంచి కాదు, గేమ్‌లోని పేలుళ్ల నుంచి వస్తాయి. తలనొప్పితోపాటు వాంతులవుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తున్నా, చూపులో ఒక పక్క కనబడకపోయినా వారం ఆగొద్దు. వెంటనే న్యూరాలజిస్టును కలవండి.

– కంటి వైద్య నిపుణులు